ఫసలీ లెక్కన నలభై నాలుగు

చెన్నూరు హైస్కూల్లో కైలాసం సారు దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లను ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. అంగడికి పోయి ఉల్లిగడ్డలు "రెండు" అని అడగరు, "రెండు సేర్లు" అంటారు. మంచిర్యాల ఎంత దూరమంటే ఇరవై నాలుగు అని ఊరుకోరు, మైళ్లని కూడా చెప్తారు. ఇదంతా ఆయన కొట్టిన దెబ్బల పుణ్యం కాదు, వేసిన సున్నల పుణ్యం. లెక్కంతా చక్కగా చేసి, జవాబు సరిగ్గా తేల్చి, పక్కన ప్రమాణం రాయకపోతే సున్నే. ఏడ్చినా సున్నే, పటేలు కొడుకైనా సున్నే. "ఏందిరా ఇరువై నాలుగు? మైళ్లా, మేకలా?" అనేవాడు. తరగతంతా నవ్వేది, సున్న తెచ్చుకున్నవాడు తప్ప.

అంతటి మనిషి జీవితంలో ఒక్కసారి ప్రమాణం రాయడం మరిచాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడ్డదంటారే, అట్లా ఉంటుంది ఆయన సంగతి.

ఆయన పూర్తి పేరు ఆడెపు కైలాసం. చెన్నూరు సాలెల వాడలో మగ్గం గుంట పక్కన పుట్టాడు. బాపు నాడె విసురుతుంటే పోగులు లెక్కపెట్టడంతో మొదలైంది ఆయన చదువు. బడి మాత్రం ఉర్దూలో. నిజాం కాలంలో ఇంకే భాషలో ఉంటుంది! కూడిక మొదలు భాగహారం దాకా జమా, తఫ్రీఖ్, జర్బ్, తక్సీం అంటూ నేర్చుకున్నాడు, ఇరవయ్యో ఏట నౌకరీలో చేరి అట్లాగే నేర్పాడు. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, ఇక తెలుగులో చెప్పాలన్నారు. పుస్తకాలు లేవు, మాటలు తెలియవు. కూడికకు సంకలనమనీ, తీసివేతకు వ్యవకలనమనీ తానే ముందు నేర్చుకుని మర్నాడు పిల్లలకు నేర్పాడు. తర్వాత పై తరగతులకు ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే అదీ చెప్పాడు. మూడు భాషల్లోనూ సున్న మాత్రం ఒకటే.

ఆయనకు ఒక కోరిక ఉండేది. సముద్రం చూడాలని. ఓడల లెక్కలు ఇరవై నాలుగేళ్లుగా చెప్తున్నాడు. ఓడ గంటకు పది మైళ్లు పోతుంది, ప్రవాహం ఎదురైతే ఎంత, అనుకూలమైతే ఎంత. ఓనాడు ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "సారూ, మీరు ఓడ చూసిన్రా?" అని అడిగింది. చూడలేదు. గోదావరిలో తిరిగే గుండ్రటి పుట్టి తప్ప ఏమీ చూడలేదు. ఆ ప్రశ్న ఆయనకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి భార్య సత్తమ్మతో చెప్తే, ఆమె నవ్వి, "నేనైతే గా పుట్టి కూడ ఎక్కలే సారూ" అంది. సత్తమ్మ ఆయన్ను సారూ అనే పిలిచేది. పెళ్లయిన కొత్తలో ఎగతాళికి మొదలుపెట్టింది, తర్వాత అదే ఖాయమైంది.

పందొమ్మిది వందల అరవై నాలుగు, దసరా సెలవులు. మంచిర్యాల స్టేషన్‌లో కూతుర్ని రైలెక్కించి, బల్ల మీద ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పేపరు తిరగేస్తుంటే ఆయనకు ఒక ప్రకటన కనపడింది. అబిసీనియా దేశపు బడుల్లో లెక్కలు చెప్పడానికి మన దేశం నుంచి మాస్టర్లు కావాలి. పదిహేనేళ్ల అనుభవం ఉండాలి. ఇంగ్లీషులో చెప్పగలగాలి. భార్యను తెచ్చుకోవచ్చు. బొంబాయి నుంచి ఓడ ప్రయాణం. దరఖాస్తు నాటికి నలభై ఐదు ఏళ్లు నిండకూడదు. కైలాసం సారు ఆ చివరి రెండు వాక్యాలనూ ఎన్నిసార్లు చదివాడో ఆయనకే తెలియదు. చెన్నూరు బస్సు వెళ్లిపోయినా చూసుకోలేదు.

వయసు విషయంలో ఆయనకు అనుమానం లేదు. అవ్వ భూమవ్వ పోయేదాకా చెప్తూనే ఉండేది, రౌద్రి నామ సంవత్సరం, ఉగాది పోయిన పదో నాడు పుట్టినవని. అంటే ఇంగ్లీషు లెక్కన పందొమ్మిది వందల ఇరవై. నలభై నాలుగు నిండి ఆరు నెలలు. ఇంకో ఆరు నెలలైతే తలుపు మూసుకుపోతుంది. ఈ ఒక్కసారే అవకాశం. అక్టోబరు దాటకుండానే దరఖాస్తు వేశాడు. జనవరిలో హైదరాబాదులో ఇంటర్వ్యూ అనీ, వచ్చేటప్పుడు వయసుకు సర్కారు కాగితం తెమ్మనీ జవాబొచ్చింది. సత్తమ్మ ఆ రోజు పక్కింటామెతో, ఆ హబ్షీ దేశంలో జొన్నలు దొరుకుతాయో లేదోనని గంటసేపు మాట్లాడింది.

వయసు కాగితం కావాలంటే సర్వీసు పుస్తకం చూడాలి. అది నిర్మల్‌లోని పై ఆఫీసు బీరువాలో ఉంటుంది. హెడ్మాస్టరు ద్వారా రాయిస్తే మూడు వారాలకు నకలు వచ్చింది. అందులో చూస్తే ఏముంది! పుట్టిన సంవత్సరం పందొమ్మిది వందల పదకొండు. అంటే యాభై మూడేళ్లు! అబిసీనియా సంగతి దేవుడెరుగు, మరో రెండేళ్లకు యాభై ఐదు నిండాయని ఉన్న నౌకరీలోంచి కూడా ఇంటికి పంపేస్తారు.

సత్తమ్మ కాగితం వంక చూసి, "పెండ్లప్పుడు పిలగానికి ఇరువై అన్నరు. ఇరువై తొమ్మిదా?" అంది. నవ్విద్దామనే అంది గానీ ఆయన మొహం చూసి మాట మార్చింది. "ఏ బద్మాష్ రాసిండో పోయి అడుగు" అంది.

మర్నాడే బయలుదేరాడు. బస్సులో నిర్మల్ దాకా అట్లా రాసిన గుమస్తా ఎవడో వాణ్ణి మనసులో మూడు భాషల్లోనూ తిడుతూనే ఉన్నాడు. తొమ్మిదేళ్లు! ఒక్క అంకె అటూ ఇటూ అయితే పొరపాటు, తొమ్మిదేళ్లు మింగేస్తే దాన్నేమనాలి? ఆఫీసు మెట్లెక్కేసరికి ఆయన కోపం పొంగే పాలలాగా అంచుదాకా వచ్చి ఉంది.

ఆఫీసు సూపరింటెండెంటు అంబదాస్ మరాఠీ ఇంటి మనిషి, నెమ్మదస్తుడు. "బసా, బసా మాస్టర్" అని కుర్చీ చూపించాడు. ఈయన కోపమంతా కక్కేదాకా విన్నాడు. తర్వాత లేచి పోయి దుమ్ము పట్టిన ఫైలొకటి దించి ముందర పెట్టాడు. యాభై ఒకటిలో, పాత ఉర్దూ సర్వీసు పుస్తకాల్లోని తేదీలన్నీ ఇంగ్లీషు సంవత్సరాల్లోకి మార్చినప్పటి ఫైలు అది. నాగపూర్ వైపు నుంచి కొత్తగా వచ్చిన గుమస్తా మార్చాడట. పాపం ఆ మనిషికి ఇక్కడి సంవత్సరాలు తెలియవు. అందుకని ఎవరో లెక్కలొచ్చిన మాస్టరుతో, ఏ పాత సంవత్సరం ఏ ఇంగ్లీషు సంవత్సరమో పట్టీ రాయించి తెప్పించుకుని, దాన్ని చూసి మార్చాడు. ఆ పట్టీ ఫైలు మొదట్లోనే అంటించి ఉంది.

కైలాసం సారు దాన్ని చూశాడు. చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తనదే చేతిరాత.

అప్పుడు గుర్తొచ్చింది. నిజాం రాజ్యంలో సర్కారు సంవత్సరం ఫసలీ. మొహర్రం, రంజాను వచ్చేది హిజ్రీ. రెండూ పదమూడు వందల చిల్లర అంకెలే, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ రెంటికీ మధ్య తొమ్మిదేళ్ల తేడా. ఫసలీ పదమూడు వందల ఇరవై తొమ్మిది అంటే ఇంగ్లీషు పందొమ్మిది వందల ఇరవై. అదే అంకె హిజ్రీ అయితే పందొమ్మిది వందల పదకొండు. కొందరు మాస్టర్ల పుట్టుక హిజ్రీలో రాసి ఉంది కాబట్టి ఆయన రెండు పట్టీలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసిచ్చాడు. ఎడమ పక్క ఫసలీ, కుడి పక్క హిజ్రీ. అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. పైన ఏది ఫసలీయో ఏది హిజ్రీయో మాత్రం రాయలేదు. ఎందుకు రాస్తాడు? చూడగానే తెలియదా? ఈ గడ్డ మీద ఎవణ్ణడిగినా చెప్తాడు. నాగపూర్ మనిషికి తెలియదని ఆయనకు తట్టలేదు. ఆ గుమస్తా ఒక పుస్తకాల కట్టకు ఎడమ పట్టీ చూశాడు, ఇంకో కట్టకు కుడి పట్టీ చూశాడు. కైలాసం సారు పుస్తకం ఆ రెండో కట్టలో పడింది.

బస్సులో తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి నెత్తిన పడ్డాయి.

అంబదాస్‌కు ఆ చేతిరాత ఎవరిదో తెలియదు, తెలుసుకునే పనీ పెట్టుకోలేదు. ఈయన కంగారు చూసి ధైర్యం చెప్పాడు. పాత ఉర్దూ పుస్తకంలో ఈయన పుట్టిన నెల ఖుర్దాద్ అని ఉంది. ఖుర్దాద్ ఫసలీ నెల. హిజ్రీ అయితే రజబో రంజానో ఉండాలి. ఇంతకంటే రుజువేం కావాలి? గుమస్తా పొరపాటు అని ఒక్క ముక్క రాస్తే వారం రోజుల్లో దిద్దేసి కాగితం చేతిలో పెడతానన్నాడు. ఆ గుమస్తా ఎప్పుడో తన దేశం వెళ్లిపోయాడు, ఎవరికీ నష్టం లేదు.

ఊపిరి పీల్చుకుని అంతటితో లేచి వచ్చేస్తే ఈ కథ లేదు. కానీ లెక్కల మాస్టరు కదా, ఒక అంకె తప్పితే పక్క అంకె చూడకుండా ఉండలేడు. ఆ కట్టలో ఇంకా ఎవరెవరి పుస్తకాలున్నాయో చూపించమన్నాడు. తనదీ కలిపి తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటికీ కుడి పట్టీయే చూశారు. తొమ్మిదింట్లోనూ నెలలు మాత్రం ఫసలీవే. ఉట్నూరులో ఇద్దరు, లక్సెట్టిపేటలో ముగ్గురు, వాళ్లింకా నౌకరీలోనే ఉన్నారు. చెన్నూరులో నలుగురు. తాను, తన పక్క తరగతి మాస్టరు ఒకాయన. మూడో పేరు హనుమంతు. యాభై ఐదు నిండాయని మొన్న జూన్‌లో రిటైరయ్యాడు. నాలుగో పేరు లింగమూర్తి. ఆయన రెండేళ్ల కింద రిటైరై, నిరుడు చనిపోయాడు.

అందరివీ కలిపి దిద్దవచ్చా అని అడిగాడు. అంబదాస్ గడ్డం గోక్కున్నాడు. ఒక్కరిదైతే తన చేతిలో పని. తొమ్మిదంటే, అందులో రిటైరైనవాళ్లు, పోయినవాళ్లు ఉన్నారంటే, ఫైలంతా హైదరాబాదు పోవాలి, పట్టీ ఎవరు రాశారో వాంగ్మూలం కావాలి. ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం, ఉగాది దాటినా దాటుతుంది. "మీ బుక్ కూడ దానితోనే కట్టి పంపాల్సొస్తది మాస్టర్. ఇంటర్వ్యూకు కాగితం అందదు. ముందుగాల మీది చేసుకొని పోండి. వాళ్లది ఎనక చూద్దాం" అన్నాడు. మంచికే చెప్పాడు. అయితే ఆ ఎనక ఎప్పుడొస్తుందో ఆఫీసుల్లో తిరిగినవాళ్లెవరికైనా తెలుసు. పైగా తాను వెళ్లిపోతే ఆ పట్టీ ఎవరు రాశారో చెప్పేవాడు ఉండడు. కైలాసం సారు రెండు రోజులు గడువడిగి వచ్చేశాడు.

చెన్నూరులో బస్సు దిగేసరికి ఎదురొచ్చింది హనుమంతే. చేతికర్ర పట్టుకుని, నడుం వంచి వస్తున్నాడు. ఆరు నెలల కింద ఇదే మనిషి పిల్లలతో కబడ్డీ ఆడాడు. హనుమంతుకు తల్లి చిన్నప్పుడే పోయింది, పుట్టిన ఏడు చెప్పేవాళ్లు లేరు, కాగితం ఎంతంటే అంత. యాభై ఐదని కాగితం రాగానే పాపం ముసలితనం కూడా తెచ్చుకున్నాడు. కర్ర కొన్నాడు, మాంసం మానేశాడు, తెల్లారగట్ల దగ్గు కూడా నేర్చుకున్నాడు. ఏమన్నా తక్లీఫా అన్నా అని కైలాసం అడిగితే, "తక్లీఫేం లే తమ్మీ. వయసైంది గదా, గట్లనే ఉంటది" అన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి! కైలాసం సారుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంటికి పోలేకపోయాడు. నేరుగా లింగమూర్తి ఇంటికి పోయాడు. లింగమూర్తి భార్య ఐలవ్వ వాకిట్లో కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుడుతోంది. ఎదురుగా కూర్చున్నాడు. పట్టీ సంగతి, ఫసలీ, హిజ్రీ, గుమస్తా, అన్నీ వరసగా చెప్పాడు. చివరికి, తప్పు నాదే వదినె అన్నాడు. లింగమూర్తి రిటైరైన నాడు ఆయనకు యాభై ఐదు కాదు, నలభై ఆరు.

ఐలవ్వ సూదిపుల్ల ఆపలేదు. ఆకు మీద ఆకు పెట్టి ఇంకో నాలుగు కుట్లు వేసింది. అప్పుడు అంది:

"గా యాడాదంత గడపల గూసుండి ఒక్కటే మాట సారూ. నేను ముసలోణ్ణైన ఐలీ, ఇగ నాతోని ఏమైతది అని. గదే దిగులు వెట్టుకొని పోయిండు. ముసలోడు గాడని గిప్పుడు చెప్పొస్తివా?"

లింగమూర్తి జ్వరంతో పోయాడని ఊరంతా అనుకున్నారు, ఆమె కూడా నిన్నటిదాకా అదే అనుకుని ఉంటుంది. కైలాసం సారుకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది.

వెళ్లడానికి లేస్తుంటే ఆమె మళ్లీ పిలిచింది. "అందరివి దిద్దిపిస్తవా?"

హైదరాబాదు పంపాలట అన్నాడు. తన ఇంటర్వ్యూ సంగతి చెప్పలేదు.

"గట్లైతే ఆయన పేరు సుత రాయి. సచ్చిపోయిండని ఇడిసిపెట్టకు. ముసలోడై సావలేదని కాగితం మీద ఉండాలె."

ఇంటికి వచ్చి సత్తమ్మకు అంతా చెప్పాడు. ఆమె ముందు కోపగించింది. కోపం రాదా మరి? జొన్నల సంగతి కూడా కనుక్కుంది ఆమె. ఒక పట్టీ ఊరికే రాసిచ్చినందుకు సముద్రం పోగొట్టుకోవాలా, ముందు మన పని చేసుకుని తర్వాత వాళ్లకు రాయరాదా అని వాదించింది. ఆయన ఐలవ్వ అన్న మాట చెప్పేసరికి సత్తమ్మ వాదన ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుని, "రాయి సారూ. గని ఈసారన్న జర పైన శీర్షిక వెట్టి రాయి" అంది.

రెండు పేజీలు రాశాడు. పట్టీ రాసింది నేను. శీర్షిక పెట్టనిది నేను. గుమస్తా తప్పు లేదు. కింద తొమ్మిది పేర్లు, ఒక్కొక్కరికి ఎదురుగా ఉర్దూ పుస్తకంలో ఉన్న నెల, సంవత్సరం, ఫసలీ అని స్పష్టంగా. తొమ్మిదో పేరు లింగమూర్తిది. అబిసీనియా వాళ్లకు కూడా ఒక ఉత్తరం రాశాడు. కాగితం జనవరికి అందదనీ, ఎందుకు అందదో కారణం ఇదనీ, తన తప్పు దాచకుండా ఇంగ్లీషులో రాసి, ఆ రెండు పట్టీలనూ మళ్లీ శుభ్రంగా శీర్షికలతో రాసి జతచేశాడు. బడిలో పాత పట్టీ నకలొకటి గోడకు అంటించి, కింద ఎర్ర సిరాతో సున్న చుట్టి సంతకం పెట్టాడు. కైలాసం సారుకు కైలాసం సారే సున్న వేసుకున్నాడని చూడ్డానికి మూడు రోజులు పక్క తరగతుల పిల్లలు కూడా వచ్చి పోయారు.

జనవరి వచ్చింది, పోయింది. ఇంటర్వ్యూ రోజున ఆయన తొమ్మిదో తరగతికి వడ్డీ లెక్కలు చెప్పాడు. అబిసీనియా నుంచి జవాబు లేదు. హైదరాబాదు నుంచి కబురు లేదు. ఉగాది వచ్చింది, పదో నాడు నలభై ఐదు నిండాయి. సత్తమ్మ బెల్లం పాశం వండింది. ఆయన తిన్నాడు. ఆ వేళ ఇద్దరూ సముద్రం మాట ఎత్తలేదు.

ఉత్తర్వు మరో వారానికి వచ్చింది. తొమ్మిదిమందివీ దిద్దారు. హనుమంతును తిరిగి కొలువులోకి తీసుకోమన్నారు. కైలాసం సారు ఆ కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో హనుమంతు ఇంటికి పోయాడు. హనుమంతు రెండుసార్లు చదివి, నమ్మకం కుదరక మూడోసారి చదివించుకుని, "అంటే నాకు దగ్గు లేదన్నట్టేనా?" అని అడిగాడు. లేదన్నా అన్నాడు కైలాసం. నిజంగానే ఆ తర్వాత దగ్గు వినపడలేదు. కర్ర మాత్రం పారేయలేదు. సగానికి కోసి బడికి తెచ్చాడు, పటం మీద ఊళ్లు చూపించడానికి.

ఐలవ్వ దగ్గరకు ఉత్తర్వు తీసుకుపోతే ఆమె చదవమంది. లింగమూర్తి, జననం పందొమ్మిది వందల పదహారు అని చదివాడు. మళ్లీ చదవమంది. రెండోసారి విన్నాక లోపలికి పోయి, దండెం మీద ఏడాదిన్నరగా వేలాడుతున్న భర్త కోటు తీసి దులిపి మడతపెట్టింది. "మంచిగైంది సారూ" అంది. ఆయనకు అది చాలు.

మే నెలలో, ఎండలు మండుతున్నప్పుడు, అబిసీనియా ముద్రతో ఉత్తరం వచ్చింది. మిగిలిపోయిన కొలువుల కోసం తమ అధికారి మళ్లీ హైదరాబాదు వస్తున్నాడని, ఆ పట్టీలు రాసిన మాస్టరు తప్పకుండా రావాలని. వయసు దాటింది గదా, ఎందుకు పిలుస్తున్నారని కైలాసం సారు వెనకాడాడు. పోయి సున్న తెచ్చుకున్నా నష్టం లేదని సత్తమ్మ తరిమింది.

నాలుగో రోజున తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని సత్తమ్మకూ హనుమంతుకూ చెప్పాడు. ఆ అధికారి ఎత్తయిన మనిషి, మాట మెత్తన. వయసెంత అని మొదటి ప్రశ్న. నలభై ఐదు నిండి నెల దాటిందని ఈయన దాచకుండా చెప్పాడు. అధికారి ఆ పట్టీని ముందర పెట్టుకుని, దీని పక్కన మూడో పట్టీ ఒకటి రాయగలరా అన్నాడు. ఎందుకంటే వాళ్ల దేశంలో ఇప్పుడు పందొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరమే నడుస్తోందట! ఏడాదికి నెలలు కూడా పదమూడట. దేశదేశాల నుంచి వచ్చే మాస్టర్ల తేదీలు వాళ్ల లెక్కలోకి మార్చేటప్పుడు అక్కడా ఇదే తంటా. అరవై నిండిన పరదేశపు మాస్టరుకు మళ్లీ ఒప్పందం రాయరట, ఈ తికమకలో యాభై రెండేళ్లాయన్ను కూడా ముసలివాడని ఓడెక్కించి పంపేశారట.

"మరి నీ వయసు సంగతేమన్నడు?" హనుమంతు ఆగలేక అడిగాడు.

కైలాసం సారు అదీ చెప్పాడు. దరఖాస్తు నాటికి నిండకూడదనే కదా మా షరతు, మీరు అక్టోబరులో వేశారు, నలభై నాలుగే, ఆలస్యంగా నడిచింది కాగితం, మీరు కాదు అన్నాడట. ఆ మాట చెప్పి ఆయన చటుక్కున లేచి, ఎండకు కళ్లు మండుతున్నాయని నీళ్ల గోలెం దగ్గరకు పోయాడు. సత్తమ్మ ఆయన వెనకాలే పోయింది.

ఆగస్టులో ప్రయాణం. ఇంటి తాళంచెవి ఐలవ్వ చేతికిచ్చారు. మంచిర్యాల స్టేషన్లో పెద్ద ట్రంకు పెట్టె కోసం కూలీని పిలవబోతే హనుమంతు అడ్డమొచ్చాడు. నెత్తిన తువ్వాల చుట్టి, పెట్టె ఎత్తుకుని, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు గబగబా నడిచాడు. కైలాసం సారు వెంటపడి జాగ్రత్తన్నా అంటే, వెనక్కి తిరగకుండానే, "నాకేమైంది? నాకు నలుబై ఏడే" అన్నాడు.

దసరా ముందు బడికి ఒక కార్డు వచ్చింది. హనుమంతు దాన్ని తొమ్మిదో తరగతిలో చదివి వినిపించాడు. ఓడ గంటకు పద్నాలుగు మైళ్లు పోయిందనీ, అవి సముద్రపు మైళ్లనీ, నేల మైళ్లతో కలపవద్దనీ మొదట రాసి ఉంది. సత్తమ్మకు రెండు రోజులు కడుపులో తిప్పిందట, మూడోనాటి నుంచి ఆమెను డెక్కు మీద నుంచి కిందికి దించడం కష్టమైందట. జొన్నలు దొరుకుతున్నాయట. పైన తేదీ మూడు వరుసల్లో ఉంది. ఇంగ్లీషు పందొమ్మిది వందల అరవై ఐదు. ఫసలీ పదమూడు వందల డెబ్బై నాలుగు. ఇక్కడి లెక్క పందొమ్మిది వందల యాభై ఏడు. మూడింటి ముందూ శీర్షికలున్నాయి, వాటి కింద గీతలు కూడా ఉన్నాయి.

అడుగున సత్తమ్మ చెప్పి రాయించిన మాట ఒకటి ఉంది. అది చదివేటప్పుడు హనుమంతు కర్రముక్కను బల్ల మీద పెట్టి కళ్లజోడు సర్దుకున్నాడు: "హనుమంతన్నా, ఆడ మా సారుకు తొమ్మిదేండ్లు ఎక్కువ రాసిన్రు గదా. గీడ ఓడ దిగంగనే ఎనిమిదేండ్లు ఎనక్కి ఇచ్చిన్రు. ఇంకొక్కటే బాకీ. ఐలవ్వ వదినెకు చదివి చెప్పు, నవ్వుతదేమో."

బడి వదిలాక హనుమంతు ఇంటికి పోకుండా ఐలవ్వ వాకిలికి పోయి కార్డు మొత్తం చదివాడు. చివరి మాట దగ్గర ఆమె విస్తరి ఒళ్లో పెట్టుకుని నవ్వింది. అది ఒకసారి మళ్లీ చదవమంది.